మొదటి పేజీకెక్కిన విడిది

పడమటి ఉగాండాలో మా ఊరు ఫోర్ట్ పోర్టల్. అక్కడి బజారులో పోస్టాఫీసుకి దిగువన ఒక రేకుల వరండా ఉండేది. అందులో ఒక కొట్టు నాది. పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాణ్ణి. పక్క కొట్టు బుసింగెది. పాత కంప్యూటర్లు వరసగా పెట్టి ఇంటర్నెట్ కొట్టు నడిపేవాడు. కరెంటు పోయినప్పుడల్లా అతని జనరేటరు మా ఉమ్మడి గోడకి ఆనుకుని దడదడలాడేది. నా కెమెరా వణికి ఫోటోలు చెడిపోతున్నాయని నేను తిట్టేవాణ్ణి.

"నీ దగ్గరికొచ్చేవాళ్లు ఎలాగూ నవ్వరు కదయ్యా, వణికితే ఏం పోయింది!" అనేవాడు.

సన్నగా, పొడుగ్గా, తల ఎప్పుడూ కాస్త వంచుకుని ఉండేవాడు. గొంతు మెత్తన. ఎవరేం అడిగినా కాదనలేడు. పరీక్షా ఫలితాలు చూసిపెట్టమని వచ్చిన పిల్లలకి ఫలితం బాగాలేకపోతే ఆ మాట చెప్పలేక, "సైటు తెరుచుకోవడం లేదు, రేపు రండి" అని పంపేసేవాడు. చెడ్డ కబురు నోటితో చెప్పడం అతని వల్ల అయ్యే పని కాదు. అది మంచితనమేనని మేమంతా అనుకునేవాళ్లం.

తల్లి పురిట్లోనే పోతే మేనత్త అతన్ని పెంచింది. ఆవిడ పేరు బసెమెరా, పిలిచే పేరు అబ్వోలి. మా వైపు ప్రతి మనిషికీ అసలు పేరు కాక ఒక ముద్దుపేరు ఉంటుంది. ఇంట్లోనూ వీధిలోనూ దాంతోనే పిలుచుకుంటాం. బుసింగెని అందరూ అమూటి అనేవారు. అసలు పేరుతో పిలిచేది పోలీసులూ, బళ్లో హాజరు వేసేవాళ్లూ, లేదా ఆ మనిషి మొహం ఇక చూడకూడదనుకున్నవాళ్లూ.

అబ్వోలి భర్త బడిపంతులు. ఆయన పోయాక మిగిలింది అడవికి వెళ్లే దారిలో, సరస్సు గట్టు మీదున్న ఇల్లు. అందులో రెండు గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. చింపాంజీల మీద పరిశోధన చేసేవాళ్లూ, మిషన్ ఆసుపత్రికి వచ్చే నర్సులూ దిగేవారు. వంట కబహెండది. అబ్వోలి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లోనే ఉంది. ముద్దుపేరు అడ్యేరి. పొట్టు తీసిన చిక్కుడు గింజలు నెయ్యి వేసి మెదిపి చేసేది. రాగి ముద్ద ఆవిడ చేతిలో పట్టులా వచ్చేది. పాలకుండల్ని ఏరి తెచ్చిన గడ్డితో పొగబెట్టి, ఆ కమ్మటి వాసన మీద పాలు పోసేది. ఆ పాల కోసమే మళ్లీ వచ్చిన నర్సులున్నారు.

కంపాలాలో కంప్యూటరు కోర్సు చేసి వచ్చిన బుసింగె తన చేత్తో కట్టిన మొదటి వెబ్‌సైటు అత్త విడిదికే. దానికి ఫోటోలు నేను తీశాను. సైటు ముచ్చటగా ఉంది. కానీ చూసినవాళ్లు మేమిద్దరమే. ఉగాండాలో విడిది అని వెతికితే ఎన్ని పేజీలు తిప్పినా కనబడేది కాదు. డైరెక్టరీల్లో నమోదు చేస్తే పైకొస్తుందని ఎక్కడో చదివి, ఒక ఆదివారం అత్తకి చెప్పడానికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

"అంటే ఏంట్రా అమూటీ, నా ఇల్లుందని ఊళ్లన్నీ తిరిగి చాటింపు వేస్తావా?"

"చాటింపు కాదత్తా. లోకంలో ఎక్కడెక్కడివాళ్లో పట్టికలు పెట్టి ఉంచుతారు. ఇవి హోటళ్లు, ఇవి దుకాణాలు, వీళ్లు డాక్టర్లు అని. వాటిల్లో మన పేరూ ఉంటే, ఇంతమంది చెబుతున్నారంటే మంచి ఇల్లే అయ్యుంటుందని నమ్మి మనల్ని పైన చూపిస్తుంది."

"ఎవరు నమ్మేది?"

"కంప్యూటరు."

"పది మంది చెబితే కంప్యూటరు నమ్ముతుందా! మీ మామయ్య నమ్మేవాడు కాదు."

వంటింట్లోంచి కబహెండ కేకేసింది. "అమూటీ, రాసేటప్పుడు వంట బాగుంటుందని రాయి. అబ్వోలి గురించి మాత్రం రాయకు. ఈవిడ కసురుకుంటుందని తెలిస్తే ఎవరూ రారు!"

"చూశావురా, నా ఉప్పు తిని నన్నే!" అని అబ్వోలి నవ్వింది.

బుసింగె ఒక్కొక్క డైరెక్టరీనే వెతికి పట్టుకుని నమోదు చేసేవాడు. సైటు పేరు, చిరునామా, రెండు వాక్యాల పరిచయం, ఏ విభాగమో. చివర్న, రాసేది మనిషేనని రుజువుకి వంకర టింకర అక్షరాలు చూసి టైపు చేయాలి. మా నెట్టు నెమ్మది. అక్షరాలు తెర మీదికి వచ్చేలోపు గడువు దాటిపోయేది, మళ్లీ మొదలు. కొన్ని డైరెక్టరీల్లో ఉగాండా అనే పేరే ఉండేది కాదు. 'ఆఫ్రికా, తక్కినవి' అన్న చోట పెట్టేవాడు. అలా పెట్టేటప్పుడు మొహం చిన్నబుచ్చుకునేవాడు.

ఒక డైరెక్టరీని మనుషులే చదివి చూసి చేర్చుకునేవారు. దాన్ని చూసే పెద్దమనిషి, ఏ దేశస్థుడో మాకు తెలియదు, ఇతనికి జవాబు రాశాడు. 'ప్రపంచంలోకెల్లా గొప్ప' అన్న మాట తీసేయండి, సరస్సు గురించి ఇంకొక్క ముక్క చెప్పండి, తప్పక చేరుస్తాను అని. బుసింగె దాన్ని ప్రింటు తీసి నాకు చూపించాడు.

"చూడు, నేను రాసింది ఎవరో కూర్చుని చదివారు!" అన్నాడు. సరస్సు గురించిన ఆ ముక్క చేర్చడానికి మళ్లీ అక్కడి దాకా వెళ్లి, గట్టు మీద కూర్చుని రాసుకొచ్చాడు.

అలా నెమ్మదిగా విడిది పైకి పాకింది. వేసవి సెలవులకి బెల్జియం నుంచి దంపతులొచ్చారు. ఎవరు చెప్పారని అబ్వోలి అడిగితే, ఎవరూ చెప్పలేదు, వెతికితే కనబడింది అన్నారు. ఆవిడ ఆ పూటే మోటారు సైకిలెక్కి బజారుకొచ్చి, మా వరండాలో అందరి ముందూ మేనల్లుణ్ణి కావిలించుకుంది. "వీడు నన్ను లోకానికి చూపించాడు!" అంది. నాకు కళ్ల ముందే ఉంది ఆ రోజు. బుసింగె తల వంచుకునే నవ్వాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

సరస్సుకి అవతలి గట్టున కంపాలా వాళ్లు పెద్ద లాడ్జి కట్టారు. వాళ్ల సైటు వీళ్ల సైటుకి పైన రావడం మొదలైంది. ఎవరో గెస్టు ఆ మాట అబ్వోలి చెవిన వేశాడు.

"వాళ్లది పైన, మనది కిందనా? ఏం చేస్తున్నావురా కూర్చుని?" అని ఫోనులోనే గదమాయించింది.

"చేస్తానత్తా" అన్నాడు. కాదనడం ఎప్పుడొచ్చిందని!

సెబులిబ అనే ఒకతను కంపాలాలో ఈ పనే వ్యాపారంగా చేసేవాడు. మా ఊరొచ్చినప్పుడల్లా బుసింగె చేతిపని చూసి ఎగతాళి చేసేవాడు. "ఒక్కో గింజా వేలితో నాటుతున్నావేంటి తమ్ముడూ! గుప్పెళ్లతో చల్లెయ్. నా దగ్గరో ప్రోగ్రాముంది. ఒక్క మీట నొక్కితే చాలు, వేల డైరెక్టరీల్లో పడిపోతుంది."

బుసింగె దాన్ని కొన్నాడు. రెండు వాక్యాల పరిచయం తీసేసి, 'చవక విడిది, ఉగాండా చవక విడిది' అన్న మాటలే తిప్పి తిప్పి పెట్టాడు. ఆ డైరెక్టరీల్లో ఒకటి తెరిచి నాకు చూపిస్తే, పైన జూదం సైట్లు, కింద ఏవేవో మందులు, మధ్యలో అబ్వోలి విడిది.

"ఇదేంటయ్యా, మీ అత్త చూస్తే చెప్పు తీసుకుంటుంది" అన్నాను.

"అత్త ఇవన్నీ చూడదు. ఏ పేజీలో వచ్చిందన్నదే చూస్తుంది" అన్నాడు. అంటూనే తెర మూసేశాడు.

నిజంగానే విడిది మొదటి పేజీకెక్కింది. పెద్ద లాడ్జిని దాటి పైకొచ్చింది. గదులు చాల్లేదు. అబ్వోలి ఇంటి వెనకున్న యూకలిప్టస్ తోట అమ్మి, ఆ డబ్బుతో వరసగా కొత్త గదులు వేయించింది. కబహెండకి తోడు ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టింది. మిషన్ నర్సులు ఎప్పటిలా వస్తే, గదులన్నీ ముందే తీసుకున్నారు, ఏమీ అనుకోవద్దు అని పంపేసింది. వాళ్లు ఇంకో చోటు చూసుకున్నారు.

ఆ మరుసటి ఏడాది, వానలు తగ్గి అడవి దారి ఆరే వేళకి, ఒక పొద్దున బుసింగె నా కొట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"లేదు" అన్నాడు.

"ఏది?"

"విడిది. మొదటి పేజీలో లేదు. పదో పేజీలో లేదు. పేరు పెట్టి వెతికినా రావడం లేదు."

సెర్చ్ నడిపేవాళ్లు పద్ధతి మార్చారు. ఇలా డబ్బిచ్చి, మీట నొక్కి, చెత్త డైరెక్టరీల్లో పేరు కుమ్మరించుకున్నవాళ్లందర్నీ కిందికి నెట్టేశారు. మీ సైటుకి వచ్చే లింకులు నిజమైనవి కావని అతనికి సందేశం కూడా వచ్చింది. సెబులిబకి ఫోను చేస్తే ఎత్తలేదు.

"అత్తకి చెప్పు" అన్నాను.

"చెబుతాను. ముందు సరిచేసి, అప్పుడు చెబుతాను."

సరిచేయడమంటే, ఒక్కొక్క డైరెక్టరీకీ మా పేరు తీసేయండని రాయడం. చేర్చడానికి ఒక మీట చాలింది. తీయించడానికి మీట లేదు. కొందరు జవాబివ్వలేదు. కొందరు తీసేయడానికి డబ్బడిగారు. కొన్నిటికి అసలు ఎవరికి రాయాలో కూడా లేదు. అతను రోజంతా అదే పని మీద ఉండేవాడు. కస్టమర్లు వచ్చి నిలబడి నిలబడి వెళ్లిపోయేవారు.

అత్త ఫోను చేస్తే మాత్రం, "ఇది సీజన్ కాదత్తా" అనేవాడు. సీజనొచ్చింది. "ఈ ఏడు అన్నిచోట్లా అలాగే ఉందత్తా" అన్నాడు. అవతలి గట్టు లాడ్జిలో దీపాలు ఆవిడకి కనబడుతూనే ఉన్నాయి.

కారణం ఎవరూ చెప్పకపోయేసరికి అబ్వోలి తన ఇంట్లోనే కారణం వెతకడం మొదలుపెట్టింది. గోడలకి రంగు మార్చింది. పరుపులు మార్చింది. ఎవరో గెస్టు మనసు నొచ్చుకుని వెళ్లి లోకమంతా చెడ్డగా చెబుతున్నాడని నమ్మింది. ఎవరా గెస్టు, దేనికి నొచ్చుకున్నాడు అని రోజూ అదే ఆలోచన. చివరికి ఒక మాట గుర్తొచ్చింది. ఒకావిడ పాలు తాగుతూ, "పొగ వాసనొస్తోంది, అడుగంటాయా?" అని అడిగింది. అంతే. దోషం దొరికింది.

ఆ శనివారం మేమిద్దరం అక్కడే ఉన్నాం. బుసింగె వరండాలో కూర్చుని రాగి ముద్ద తింటున్నాడు. అబ్వోలి వంటింట్లోంచి పాలకుండ పట్టుకొచ్చింది.

"ప్యాకెట్ పాలు వాడమన్నానా లేదా? మళ్లీ పొగబెట్టావేం?"

కబహెండ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ప్యాకెట్ పాలు అతిథికి ఎలా ఇస్తాం అబ్వోలీ? నీళ్లలా ఉంటాయి. నీ పెళ్లినాడు ఇచ్చిందీ ఈ పాలే."

"నా పెళ్లి మాట ఎందుకిప్పుడు? నీ పొగకి దడిసే జనం రావడం మానేశారు. ఇల్లంతా ఖాళీ. నీకు చీమ కుట్టినట్టయినా లేదు!"

"నా వల్లనా?"

"నీ వల్లే."

కబహెండ బుసింగె వైపు చూసింది. చిన్నప్పుడు తను అన్నం కలిపి పెట్టిన పిల్లాడు. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు అన్నట్టు చూసింది. బుసింగె చేతిలో ముద్ద అలాగే ఉంది. కంచం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను మోచేత్తో పొడిచాను. కదల్లేదు.

"ఇక చాలు కబహెండా. నీ దారి నువ్వు చూసుకో" అంది అబ్వోలి.

అన్నేళ్లలో ఆవిడ నోట ఆ పేరు రావడం అదే మొదలు. ఆ ఇద్దరాడపిల్లలు కూడా పని ఆపి అటు చూశారు. కబహెండ లోపలికెళ్లి చాప చుట్టుకుంది, బట్టలు మూటకట్టుకుంది, గట్టు దిగి రోడ్డు మీదికి నడిచింది. వాళ్లన్నకొడుకు పని చేసే టీ తోటలో బడి ఉంది. ఆ బడిపిల్లలకి వంట చేయడానికి కుదిరిందని తర్వాత తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో బుసింగెని అడిగాను, "ఎందుకు ఊరుకున్నావు?"

"చెబుదామనే అనుకున్నాను. అంతలో అయిపోయింది" అన్నాడు.

అంతలో ఏమీ అయిపోలేదు. ఆవిడ చాప చుట్టుకునేసరికి చాలా సేపే పట్టింది. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

కబహెండ వెళ్లాక కూడా గెస్టులు రాలేదు. అబ్వోలి వేరే వంటమనిషిని పెట్టింది, తీసేసింది. తనే వండటం మొదలుపెట్టింది. మేమిద్దరం వెళ్లిన ఒక మధ్యాహ్నం ఆవిడ ఎవరూ పడుకోని దుప్పట్లు ఉతికి ఆరేస్తోంది. బుసింగె ఒక కొస పట్టుకున్నాడు.

"ఇల్లు కాదురా అమూటీ. నేనే. వచ్చినవాళ్లకి నా మొహం నచ్చలేదు. అడ్యేరి సరదాకి అనేది, నేను కసురుకుంటానని. నిజమే అయ్యుంటుంది" అంది. ఏడవలేదు. ఆరేసిన బట్టల లెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది.

అప్పుడు బుసింగె చెప్పాడు. దుప్పటి కొస వదలకుండానే, సెబులిబ దగ్గర కొన్న ప్రోగ్రాము నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. డైరెక్టరీల్లో ఏం కుమ్మరించాడో, పద్ధతి ఎప్పుడు మారిందో, తనకెప్పుడు తెలిసిందో.

అబ్వోలి ఒక్కటే అడిగింది. "పాల గొడవ నాటికి నీకు తెలుసా?"

"తెలుసత్తా."

"వరండాలో కూర్చుని తింటున్నావు కదరా!"

ఆవిడ చేతిలో దుప్పటి బుట్టలో పడేసి, లోపలికెళ్లి చెప్పులేసుకుని వచ్చింది. "పద. ఆ బడెక్కడో చూపించు."

ముగ్గురం వెళ్లాం. టీ తోట మధ్యలో బడి, దాని వెనక మసి పట్టిన వంటపాక. కబహెండ పెద్ద కాగులో గరిటె తిప్పుతోంది. మమ్మల్ని చూసి, చేతులు కడుక్కుని వచ్చి, పద్ధతి ప్రకారం అందరినీ పలకరించింది. బల్ల మీద కూర్చోబెట్టింది. బుసింగె మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి ఆగి ఆగి. ఆవిడ మధ్యలో ఆపలేదు.

"అయితే తప్పు కంప్యూటరుది" అంది చివరికి.

"కాదు, నాది" అన్నాడు బుసింగె.

"నీది కూడానేలే. నువ్వు చిన్నప్పుడు కుండ పగలగొట్టినా ఇంతే, పిల్లి మీద పెట్టేవాడివి కాదు, నీ మీద వేసుకునేవాడివి కాదు, మంచం కింద దూరేవాడివి." నవ్వింది. తర్వాత అబ్వోలి వైపు తిరిగింది. "వీడి మీద నాకు కోపం లేదు. జనం ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది, మంచిదే. కానీ నన్ను కబహెండా అని పిలిచింది కంప్యూటరు కాదు కదా."

"కాదు" అంది అబ్వోలి. "అడ్యేరీ, ఇంటికి రా."

"పిల్లలు అన్నానికొచ్చే వేళయింది" అంది కబహెండ. మా ముగ్గురికీ వడ్డించింది. మేం తిన్నాం. ఆవిడ రాలేదు.

కొన్నాళ్లకి అబ్వోలి ఆ ఇల్లు అవతలి గట్టు వాళ్లకే దీర్ఘకాలం లీజుకిచ్చింది. నర్సులు తిరిగి రాలేదు, కొత్త గదుల పైకప్పులు చూసుకునే ఓపిక ఆవిడకి లేదు. బజారులో బుసింగె దగ్గరే ఉండసాగింది. అతను పేర్లు తీయించే పని మాత్రం మానలేదు. లీజయ్యాక కూడా. ఇంకెవరి కోసం అని అడిగితే, "మా అత్త పేరు ఆ జూదగాళ్ల మధ్య ఎందుకుండాలి?" అనేవాడు. చాలా డైరెక్టరీలు వాటంతటవే మూతపడ్డాయి. ఆఖరికి విడిది మళ్లీ కనబడసాగింది. వెతికితే ఇప్పుడు నా పాత ఫోటోలతో సహా వస్తుంది. ఆ ఇంటికి మాత్రం వేరే పేరుంది.

కొత్త దుకాణాల వాళ్లొచ్చి మా సైటు పైకి రావాలంటే ఏం చేయాలని అడిగితే, ఒకటో రెండో మంచి డైరెక్టరీల్లో చేత్తో రాసి పెట్టేవాడు. ఇంత శ్రమెందుకు, మీట నొక్కేయొచ్చు కదా అన్నవాళ్లకి, "నేను చేయను" అనేవాడు. కాదనడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక కూడా ఆ మాట అన్న ప్రతిసారీ మొహం వాడిపోయేది.

కిందటేడు కబహెండ బడి పని మానేసి, హోయిమాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆవిడ ఎక్కే బస్సు మా వరండా ముందే ఆగుతుంది. బుసింగె మూటలు పైకెక్కించాడు. కిటికీ దగ్గర నిలబడి ఏదో అడిగాడు. జనం గోలలో నాకు వినబడలేదు. ఆవిడ చెయ్యి బయటికి పెట్టి అతని తల నిమిరింది. "అబ్వోలికి మోకాళ్లు బాగోలేదట, చలికి బయట తిప్పకు" అని మాత్రం వినబడింది. బస్సు వెళ్లిపోయింది.

అబ్వోలి కొట్టు వెనక గదిలోనే ఉంది. రోడ్డు మీదికి రాలేదు. మేమిద్దరం తలుపు దగ్గరికి వెళ్లేసరికి అరటికాయలు ముందు పోసుకుని తొక్క తీస్తోంది.

"వెళ్లిందా?" అంది.

"వెళ్లింది" అన్నాడు బుసింగె.

ఆవిడ చాకు ఆపలేదు. ఇద్దరికి కావలసినదానికన్నా చాలా ఎక్కువే తీసింది. ఆ సాయంత్రం నాక్కూడా భోజనం అక్కడే పెట్టారు.